బయ్యన్న ఓటు

నల్లగుట్లపల్లిలో ఎన్నికలు ఒక్క చెయ్యి మీద నడిచేవి. చెయ్యి శ్రీరంగప్పది, వేలు బయ్యన్నది.

ముప్పయ్యేళ్ళుగా బయ్యన్న, శ్రీరంగప్ప నాయకుడుగా ఉన్న పార్టీకి పోలింగు ఏజెంటు. పోలింగు రోజు పొద్దున్నే తలకు పోసుకుని, ఉతికిన తెల్లచొక్కా తొడుక్కుని, ఓటర్ల జాబితా, పెన్సిలు పట్టుకుని బడిలో బెంచీ మీద కూర్చున్నాడంటే సాయంత్రం పెట్టెకు సీలు పడేదాకా లేచేవాడు కాదు. అవతలి పార్టీ ఏజెంటు కూడా వచ్చేవాడు. వచ్చి సంతకం పెట్టి, టీ తాగి, "ఉంటామన్నా" అని మర్యాదగా బస్సెక్కేవాడు. పాపం, అతనికీ పెళ్ళాం బిడ్డలున్నారు. ఊరి ఓట్లన్నీ ఒకే గుర్తుకు పడేవి. చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరైనా మాట మీద నిలబడతానని చెప్పాలంటే, "బయ్యన్న ఓటు తప్పుతుందా, నా మాట తప్పుతుందా?" అనేవాళ్ళు.

ఆ ఓటు అంత గట్టిపడడం వెనక ఒక పాడె ఉంది. పదహారేళ్ళ కింద, కదిరి మార్కెట్లో శనక్కాయలు అమ్ముకుని వస్తున్న బయ్యన్న తమ్ముడు చిన్నప్పను మలుపు దగ్గర బండి ఆపి నరికారు. నరికినవాళ్ళు నలుగురు. జీపులో ముందు సీట్లో కూర్చున్నవాడు శ్రీరంగప్ప పగవాడు కదిరప్ప. దిగలేదు. పని అయినాక డ్రైవరుతో పోనీమన్నాడు, అంతే. కోర్టులో సాక్ష్యం చెప్పడానికి ఒక్కడు రాలేదు. కేసు కొట్టేశారు. కానీ ఆనాడు శ్రీరంగప్ప, అంత పెద్ద మనిషి, చిన్నప్ప పాడెకు ముందు కొమ్ము పట్టి, చెప్పుల్లేకుండా రాళ్ళ దారిలో నడిచాడు. బయ్యన్న వెనక కొమ్ము పట్టాడు. ఆ నడకలోనే ఆయనకు తన జీవితమంతా రాసిచ్చేశాడు.

బయ్యన్నకు భార్య లేదు, కాన్పులో పోయింది. తమ్ముడు పోయినాక బావామరదళ్ళ వరసలు, ఊరి నోళ్ళు అన్నీ చూసుకుని ఆయన తన కొట్టంలోనే పడుకునేవాడు కానీ, రెండు పూటలా తిండి మాత్రం తమ్ముడి భార్య వనజాక్షి ఇంట్లోనే. ఆ పల్లెలో ఇంటికి వచ్చినవాళ్ళకు కంచం పెట్టే చోటును బట్టి వాళ్ళెవరో తెలుస్తుంది. బయటివాళ్ళకు వసారాలో, సొంతవాళ్ళకు లోపల పొయ్యి దగ్గర. పదహారేళ్ళుగా బయ్యన్న కంచం పొయ్యి దగ్గరే. ఎదురుగా గోడకు చిన్నప్ప ఫోటో. వనజాక్షి సంగటి ముద్ద వేసి, గుంట చేసి చారు పోసి, "తిను బావా" అనేది. ఆ మాట విననిదే ఆయనకు ముద్ద దిగేది కాదు.

రెండు వేల నాలుగు ఎన్నికలకు ముందు ఒకరోజు శ్రీరంగప్ప జీపు ఊళ్ళోకి వచ్చింది. బడి ముందర జనం చేరారు. ఆయన దిగకుండానే చెప్పాడు.

"కదిరప్ప మన పార్టీలోకి వచ్చినాడు. ఈ తూరి టికెట్టు ఆయప్పకే."

ముసలి ఎర్రప్ప చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "యా కదిరప్ప అన్నా?" అన్నాడు.

"మన కదిరప్పేలేప్పా."

"మన కదిరప్ప ఎప్పుడైనాడన్నా?"

"మొన్న బుధవారం," అన్నాడు శ్రీరంగప్ప. ఎవరో నవ్వబోయి, బయ్యన్న ముఖం చూసి మానుకున్నారు.

జనం కదిలినాక శ్రీరంగప్ప బయ్యన్నను జీపులో తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. డెబ్బై ఏళ్ళ మనిషి.

"నన్ను తిట్టుకో బయ్యన్నా, పడతా. ఇంగ నావల్ల కాలేదు. ఎన్ని పాడెలు మోయల్ల? అధిష్ఠానం వాళ్ళు రాజీ అంటే సరే అనేసినా. నువ్వు ఆయప్ప ముఖం చూసి ఏయద్దు, నా ముఖం చూసి గూడా ఏయద్దు. తేజా ముఖం చూసి ఏయి."

తేజ చిన్నప్ప కొడుకు. ఇరవై ఒక్కేళ్ళవాడు. రెండేళ్ళ కింద అవతలి పార్టీ ఎమ్మెల్యే సోమప్ప మనుషులు ఊరి మీదికి వస్తే గొడవైంది, ఎవరో జీపు తగలబెట్టారు. సోమప్ప పన్నెండు మంది పేర్లు రాయించాడు. ఆ రోజు తేజ ఊళ్ళోనే లేడు, అయినా పన్నెండో పేరు వాడిదే. అప్పటినుంచి బెంగుళూరులో సెంట్రింగు పనిలో దాక్కున్నాడు. ఊరికి వస్తే పట్టుకుపోతారు. ఈ ఊరు తనకు ఓటు వేయలేదని సోమప్ప ఇంకా చాలా చేశాడు. బోర్లకు కరెంటు పీకించాడు, బస్సు ఆపించాడు. కరువు పనులు ఒక్కటీ రానివ్వలేదు.

"సోమప్ప ఇంగోసారి గెలిస్తే ఆ పిల్లోడు జన్మలో ఊరు చూడడు," అన్నాడు శ్రీరంగప్ప. "కదిరప్ప గెలిస్తే నెల లోపల కేసు ఎత్తేయిస్తానని నా చేతిలో చెయ్యేసినాడు. పగ తీరిపోయిందని ఊరంతా ఒక్క మాట మీద చూపించండి, చాలు అన్నాడు. ఇద్దురూ దొంగనాకొడుకులే. మనకు బిడ్డను తెచ్చిచ్చే దొంగ యావడో చూసుకోవాల."

దిగేటప్పుడు బయ్యన్న అలవాటుగా ఆయన కాళ్ళకు మొక్కాడు.

ఆ మాట వనజాక్షికి చెప్పడానికి మూడు రోజులు పట్టింది. మూడో రోజు మధ్యాహ్నం, కంచం ముందు కూర్చుని, ముద్ద తాకకుండానే చెప్పాడు. ఆమె పొయ్యిలో కట్టె ఎగదోస్తూ విన్నది. పొగ లేదు, అయినా కళ్ళు తుడుచుకుంది.

"అంటే ఈయన్ను నరికించినోనికి నా చేత్తో ఏయల్ల."

"తేజా కోసరమమ్మా."

"తేజా కోసరమని ఈయనకు చెప్పల్ల నేను. పొద్దున లేస్తే ఎదురుగా ఉండాడు." గోడ మీది ఫోటో వైపు చూడకుండానే అన్నది. "నువ్వేస్తావా బావా?" అని అడిగింది.

"ఏస్తా."

"నిజంగా?"

"నీ ఒక్కదాని చెయ్యే కాదు వనజా, నా చెయ్యి గూడా దాని మీదే పడుతుంది. పాపమో పుణ్యమో, ఇద్దరం పంచుకుందాం. నా తమ్ముడు అడిగితే నేనే చెప్పుకుంటా."

ఆమె పొయ్యిలో కట్టె వెనక్కి లాగింది. "నువ్వు ఏస్తానంటే నేనూ ఏస్తా," అన్నది. "తిను బావా, చల్లారిపాయె."

పోలింగు నాడు బడిలోకి మొట్టమొదటిసారి మిషను వచ్చింది. వారం ముందు ఒక ఆఫీసరు అట్టపెట్టె లాంటి నమూనా తెచ్చి, నీలం బటను నొక్కితే ఎర్ర లైటు వెలుగుతుంది, కుయ్యిమంటుంది, అని నేర్పించి వెళ్ళాడు. ముసలమ్మలు దానికి దండం పెట్టి మరీ నొక్కారు. మిగతావన్నీ పాత పద్ధతే. అవతలి ఏజెంటు వచ్చాడు, టీ తాగాడు, పోయాడు.

పదకొండు గంటలకు వనజాక్షి వచ్చింది. బయ్యన్న జాబితాలో ఆమె పేరు పక్కన పెన్సిలు పెట్టి, తలెత్తలేదు. ఆమె మిషనుకు మరుగుగా నిలబెట్టిన అట్ట వెనక్కి పోయింది. మిషను కూయలేదు. ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. "ఏమ్మా, తెలీలేదా?" అని కేకేశాడు. "తెలుసు సార్," అన్నది లోపల్నుంచి. ఇంకొంచెంసేపటికి కుయ్యిమంది. ఆమె బయటికి వచ్చి, బయ్యన్న వైపు ఒక్కసారి చూసి, పోయింది. బడి పక్క బోరింగు దగ్గర ఆమె మట్టితో చెయ్యి రుద్దుకోవడం కిటికీలోంచి ఆయనకు కనిపించింది. ఇంకు పోదు. అయినా రుద్దుతూనే ఉంది.

నాలుగున్నరకు, అందరూ అయిపోయినాక, బయ్యన్న లేచాడు.

అట్ట వెనక మిషను చిన్నదిగా ఉంది. మొదటి వరసలోనే పేరు, కదిరప్ప. పక్కన ముప్పయ్యేళ్ళుగా తను మోసిన గుర్తు. రెండోది సోమప్ప. మూడోది ఎవరో ఇండిపెండెంటు, కుట్టుమిషను గుర్తు. బయ్యన్న వేలు మొదటి బటను దాకా పోయింది. ఆగింది. జీపులో ముందు సీటు కనిపించింది. దిగకుండా పోనీమన్న మనిషి వీపు కనిపించింది.

ముప్పయ్యేళ్ళ ఏజెంటుకు ఓట్ల సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. పెట్టెలన్నీ కదిరికి పోతాయి. అక్కడ విప్పి, అన్ని ఊళ్ళ చీటీలూ గుట్టపోసి కలిపేసి, కట్టలు కట్టి లెక్కపెడతారు. ఏ చీటీ ఏ ఊరిదో దేవుడికి కూడా తెలియదు. ఇన్ని వేలల్లో నా ఒక్కటి ఎవరికి కనబడుతుంది, అనుకున్నాడు. ఊరంతా వేసింది. వనజ కూడా వేసింది. తేజ వస్తాడు. ఈ ఒక్కటి మాత్రం తమ్ముడికి ఉంచుకుంటా, అనుకున్నాడు. కుట్టుమిషను పక్కన నొక్కాడు. కుయ్యిమంది.

బయటికి వచ్చి సీలు వేయించాడు. మొత్తం ఆరు వందల పన్నెండు అని రాసిన కాగితం తీసుకుని, జేబులో మడిచి పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం పొయ్యి దగ్గర కూర్చుంటే వనజాక్షి, "ఏసినావా బావా?" అని అడిగింది. "ఏసినా," అన్నాడు. ఆమె ఆ పూట అడగకుండానే ఇంకో ముద్ద వేసింది.

మే నెలలో కదిరిలో లెక్కింపు. ఆ హాల్లో శ్రీరంగప్ప పక్కన బయ్యన్న కూడా నిలబడ్డాడు. గుట్టపోయడానికి టార్పాలిను ఎక్కడా లేదు. ఇదేందని చూస్తుండగానే ఆఫీసరు ఒక మిషను తెచ్చి బల్ల మీద పెట్టి, "నల్లగుట్లపల్లి," అని చదివాడు. బయ్యన్న శ్రీరంగప్ప చెయ్యి పట్టుకున్నాడు.

"ఊరి పేరు చదువుతాండాడేందన్నా?"

"ఇప్పుడు యా ఊరి మిషను ఆ ఊరిదే అంటప్పా. కలపరంట," అన్నాడు శ్రీరంగప్ప. "మంచిదే. మనూరి సంగతి కదిరప్పకు కండ్లారా కనపడుతుంది."

ఆఫీసరు బటను నొక్కాడు. కదిరప్ప, ఆరు వందల పదకొండు. సోమప్ప, సున్నా. కుట్టుమిషను, ఒకటి.

ఆ ఒకటి అన్న మాట ఆఫీసరు మామూలుగానే అన్నాడు. రాసుకున్నాడు, ఇంకో మిషను తెప్పించాడు. బల్లకు ఆ వైపున ఉన్న కదిరప్ప మాత్రం తల తిప్పి శ్రీరంగప్ప వైపు చూసి, చిన్నగా నవ్వాడు.

కదిరప్ప తొమ్మిది వేల మెజారిటీతో గెలిచాడు.

ఆ ఒక్క ఓటు ఎవరిదని ఊళ్ళో ఎవరూ అడగలేదు, అడిగే పని లేదు. బోరింగు దగ్గర ఆడవాళ్ళు వనజాక్షికి బిందె ముందు పెట్టుకోనిచ్చి, గుసగుసలాడారు. కొందరు, "మగన్ని చంపినోడు గదమ్మా, చెయ్యెట్లా వస్తాది?" అని జాలిపడ్డారు. కొందరు, "నీ ఒక్కదాని కోసరం మా పిల్లోళ్ళ కేసులు గూడా నిలబడిపోతే?" అన్నారు. "నేను ఏసినా! ఈ చేత్తో ఏసినా!" అని ఆమె వేలు చూపించింది. వేలి మీది ఇంకు ఎవరికి వేసిందీ చెప్పదు గదా.

ఆమె నేరుగా బయ్యన్న దగ్గరికి వచ్చింది. "బావా, నువ్వన్నా చెప్పు. నీ మాటైతే నమ్ముతారు. నేను ఏసినానని చెప్పు."

"చెప్తా," అన్నాడు బయ్యన్న. తెల్లారి పెద్దరోడ్డు దాకా నడిచి, మొదటి బస్సెక్కి కదిరప్ప ఇంటికి పోయాడు.

కదిరప్ప ఇంటి ముందర పూలదండలు కుప్పలుగా ఉన్నాయి. లోపల శ్రీరంగప్ప కూడా ఉన్నాడు. కదిరప్ప లేచి, బయ్యన్నకు కుర్చీ వేయించాడు. పదహారేళ్ళలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చోవడం అదే మొదలు.

"మీ ఊరికి నేను రుణపడి ఉండా," అన్నాడు కదిరప్ప. "పన్నెండు మందిలో పదకొండు పేర్లు తీయిస్తా. మాటంటే మాట."

"పన్నెండోది?"

"ఏమప్పా, నువ్వే చెప్పు. ఆయమ్మ మనసులో పగ ఇంగా ఉండాది. తప్పు పట్టను, ఉంటాది. ఆ కడుపున పుట్టినోన్ని నేనే ఊర్లోకి తెచ్చుకుంటే రేపు కొడవలి యాడికి వస్తుంది? నా గొంతు మీదికే గదా. రాజీ అంటే అందరూ రాజీ కావాల."

"ఆ ఓటు నాది," అన్నాడు బయ్యన్న.

ఇద్దరూ ఆయన వైపు చూశారు. ముందు శ్రీరంగప్ప నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ దగ్గాడు. "వీడా! నా జెండా మోసి మోసి బుజం కాయ కాసినోడు. వీడు తప్పుతాడా!"

"నిజమన్నా. మూడో బటను నొక్కినా. కుట్టుమిషను."

"గుర్తు గూడా కనుక్కునొచ్చినాడు," అన్నాడు కదిరప్ప. ఆయన నవ్వలేదు. కొంచెం గౌరవంగానే చూశాడు. "మరదలి మీద పడిండేదాన్ని నెత్తిన ఏసుకుంటాండావు. మంచోడివి. నాకు ఇట్లాంటోడు ఒక్కడు లేడు రంగప్పన్నా."

"కదిరి నరసింహస్వామి మీద ఒట్టు!"

"దేవుని మీద వద్దప్పా," అన్నాడు కదిరప్ప, నిజంగానే నొచ్చుకుని. "ఆడమనిషి కోసరం అబద్ధం ఆడు, ఫర్వాలేదు. దేవుని మీద మాత్రం పెట్టొద్దు. కళ్ళు పోతాయి." టీ తెప్పించాడు. బయ్యన్న చేతిలో గ్లాసు పెట్టాడు. బయ్యన్న ఆ గ్లాసు వైపు చూస్తూ కూర్చున్నాడు. ముప్పయ్యేళ్ళు తప్పని ఓటు, తప్పిన రోజు చెప్పుకుందామంటే నమ్మే దిక్కు లేకుండా పోయింది. శ్రీరంగప్ప కళ్ళలోకి చూసి ఒక్కమాట, "అన్నా, నువ్వన్నా నమ్మన్నా," అన్నాడు. శ్రీరంగప్ప ఆయన వీపు తట్టి, "టీ తాగు బయ్యన్నా," అన్నాడు.

మధ్యాహ్నానికి ఊరు చేరాడు. వనజాక్షి కంచం పెట్టి కాచుకుని ఉంది.

"చెప్పినావా బావా?"

"చెప్పినా. నమ్మలా."

"నేను ఏసినానంటే నమ్మలేదా? నువ్వు చెప్పినా?"

"నేను ఏయలేదంటే నమ్మలా."

ఆమెకు ముందు అర్థం కాలేదు. గరిటె చేతిలోనే ఉంది. ఆయన తల వంచుకుని ఉన్నాడు. ఊళ్ళో ఎవరూ నమ్మనిది, ఒట్టు పెట్టినా పెద్దమనుషులు నమ్మనిది, ఆమె ఆ వంచిన తల చూసి నమ్మేసింది.

"కుట్టుమిషను నువ్వా?"

బయ్యన్న తల ఊపాడు.

"ఏసినావా అని ఈడ కూచోని అడిగితిని గదా బావా. ఏసినా అంటివే."

"చెయ్యి రాలేదు వనజా. కలిసిపోతుంది అనుకుంటి. ఎవురికీ తెలీదు అనుకుంటి."

"నాకు మాత్రం చెయ్యి వచ్చిందా?" ఆమె గొంతు పెరగలేదు. "నువ్వు గూడా ఏస్తాండావు అనుకోని ఏసినా. లోపల నిలబడుకోని, బావ గూడా ఇదే నొక్కుతాడు, నా ఒక్కదాన్ని కాదు అనుకోని, కండ్లు మూసుకోని ఏసినా. నువ్వు నన్ను ఆడికి తోలి, నువ్వు యనక్కి వచ్చేస్తివి."

ఆ పూట ఇద్దరూ తినలేదు.

తేజ ఆదివారం పదిగంటలకు నాగలక్ష్మమ్మ అంగడికి ఫోను చేస్తాడు. రెండేళ్ళుగా ఒక్క ఆదివారం తప్పలేదు. ఆ ఆదివారం వనజాక్షి బయ్యన్న కొట్టం ముందుకు వచ్చి నిలబడి, "రా," అన్నది. అంగట్లో ఫోను మోగితే ఎత్తి, ఆయన చేతికి ఇచ్చింది. "ఇంగ రావద్దని నువ్వే చెప్పు."

"పెదనాయనా!" అన్నాడు తేజ. వెనక సిమెంటు మిషను రొద. "ఏమీ చెప్పొద్దు, అంతా తెలిసింది. మనూరోళ్ళు మొన్న సైటు కాడికి వచ్చినారు. నా పేరు తీయరంట గదా."

"తేజా..."

"నాకేం బాధ లేదు పెదనాయనా. రాజీ అని తెలిసిన కాణ్ణుంచి నాకు నిద్ర లేదు. మా నాయన్ను చంపినోనికి మా యమ్మ ఏసి, దాంతో నన్ను ఊర్లోకి తెస్తాదేమో అని. ఊరంతా వంగింది, మా యమ్మ వంగలేదు. ఈడ మనోళ్ళ ముందర తలెత్తుకోని తిరుగుతాండా. ఇంగ పదేండ్లైనా ఈడే ఉంటా, ఫర్వాలేదు."

"మీ యమ్మ కాదురా అది. నేను."

అవతల తేజ నవ్వాడు. ఏడుపు కలిసిన నవ్వు. "పో పెదనాయనా. నీ ఓటు తప్పుతుందా! అమ్మకియ్యి."

బయ్యన్న ఫోను ఇచ్చాడు. వనజాక్షి చెవికి పెట్టుకుంది. కొడుకు చెప్పిందే చెప్తున్నాడు. ఆమె కళ్ళు అంగడి గోడ మీద ఉన్నాయి. వారం రోజులుగా కనిపించిన ప్రతి మనిషికీ నేను ఏసినా, నేను ఏసినా అని చెప్పిన మనిషి. నోరు తెరిచింది. నాగలక్ష్మమ్మ శనగలు కొలవడం ఆపి చూస్తోంది.

"ఊ," అన్నది వనజాక్షి. "అవున్నాయనా. నేనే. నేను ఏయలేదు వానికి."

తర్వాత, "వేళకు తిను. ఎండలో ఎక్కువ తిరగాకు," అన్నది. ఫోను పెట్టేసింది.

ఇంటి దాకా ఆమె ముందు, ఆయన వెనక. గడప దగ్గర బయ్యన్న ఎప్పటిలా చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని లోపలికి వంగాడు. లోపల పొయ్యి దగ్గర చాప లేదు. వనజాక్షి సంగటి కంచం పట్టుకుని ఆయన పక్కనుంచి బయటికి వచ్చింది. వసారాలో గోడవారగా నేల తుడిచి, కంచం పెట్టింది. చెంబుతో నీళ్ళు పెట్టింది. పోయినేడు శనగ విత్తనాల ఆఫీసరు వచ్చినప్పుడు పెట్టింది కూడా అక్కడే.

బయ్యన్న కంచం ముందు కూర్చున్నాడు. ముద్దలో గుంట చేసి ఉంది, చారు పోసి ఉంది. ఆయన ఆ మాట కోసం కాచుకున్నాడు. లోపల గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినబడుతూ ఉంది. చారు మీద తెట్టె కట్టేదాకా కాచుకున్నాడు.